సవరణ: టీనా టర్నర్ తొలి సోలో ఆల్బమ్ గురించి

మొన్న గాయని టీనా టర్నర్ గురించి రాసిన పోస్టులో, 1984లో వచ్చిన ‘ప్రైవేట్ డాన్సర్’ ఆమె తొలి సోలో ఆల్బమ్ అన్నాను. అది తప్పు. ఆమె ఆల్బమ్‌ల పట్టిక తీసి చూస్తే అది అయిదోది. మొదటిది 1974లోనే, భర్త ఐక్ టర్నర్‌తో కలిసి పాడుతున్న రోజుల్లోనే వచ్చింది. అదీ అమెరికా పల్లె బాణీల్లోంచి వచ్చిన కంట్రీ పాటలతో! విడాకుల తర్వాత వచ్చిన రెండు ఆల్బమ్‌లను జనం పెద్దగా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదని ఇప్పుడు బయటపడింది.

ఇంకొకటి. ‘ప్రైవేట్ డాన్సర్’లోని ‘లెట్స్ స్టే టుగెదర్’ ఆమె కోసమే కట్టిన పాటలా రాశాను. అసలు పాట అమెరికన్ గాయకుడు అల్ గ్రీన్‌ది, 1972లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. టీనా కోసం దాన్ని సింథసైజర్ల మీదికి మార్చింది హెవెన్ 17 అనే బ్రిటిష్ బృందపు మార్టిన్ వేర్. ఆమె పాడిన పాట మొదట్లో వాయిద్యాలు దాదాపు పక్కకు తప్పుకుని, ఆమె బొంగురు గొంతును ఒంటరిగా వదిలేస్తాయి. ఆమె పాట సోల్ (నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం) నుంచి పాప్‌కు మారిందన్న నా మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను. మారింది చుట్టూ ఉన్న ధ్వని, గొంతు కాదు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ సరిచేశాను.