అంచు దగ్గరే ఆగిపోయే కణాలు

షుగర్ ఉన్నవాళ్లకు పుండు త్వరగా మానదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఎందుకు మానదని అడిగితే "రక్తంలో షుగర్ ఎక్కువ కదా" అనేసి ఊరుకుంటాం. అసలు సంగతి పుండు అంచులో ఉంది.

మామూలుగా చర్మం తెగినప్పుడు పైపొరలోని కెరటినోసైట్లు అనే కణాలు పక్కవాటితో ఉన్న పట్టు సడలించుకుని, పలచగా సాగి, గాయం మీదుగా పాకుతాయి. అన్ని వైపుల నుంచీ వచ్చి కలుసుకుంటే గాయం మూసుకుంటుంది. మొండికేసిన షుగర్ పుండు అంచును మైక్రోస్కోపు కింద పెడితే అక్కడ కణాలకు కొరతేమీ ఉండదు. పుడుతూనే ఉంటాయి, కానీ ముందుకు కదలవు. ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టు కడతాయి. అరికాలి పుండు చుట్టూ తెల్లగా, మందంగా కనిపించే చర్మం చాలావరకు అదే.

పాకాలంటే కింద నేల బాగుండాలి. లోపలి పొరలో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగుల్ని నేసేవి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు. ఏళ్ల తరబడి చక్కెర అంటుకున్న కొలాజెన్ బిరుసెక్కుతుంది. కొత్తగా నేసినదాన్ని ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు కోసేస్తుంటాయి. చెత్త ఊడ్చాక మరమ్మతులోకి దిగాల్సిన మాక్రోఫేజులు అనే రక్షక కణాలు వాపు దశలోనే ఉండిపోతాయి. పైగా షుగర్ రోగుల ఫైబ్రోబ్లాస్టులను ల్యాబ్‌లో మామూలు గ్లూకోజులో పెంచినా మందకొడిగానే కదులుతాయి. పాత షుగర్‌ను కణం గుర్తుపెట్టుకుంటుందన్నమాట. రిపోర్టు నార్మల్‌గా వచ్చినా పుండు మానలేదంటే "నువ్వే స్వీట్లు తింటున్నావు" అని రోగిని అనుమానించడం నా దృష్టిలో అన్యాయం.

పుండు మానడానికి తయారుచేసిన బెకాప్లెర్మిన్ జెల్‌కు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. దాని పరీక్షల్లోనే ఒక విషయం బయటపడింది. పాడైన కణజాలాన్ని తరచూ చెక్కి తీసేసిన చోట్ల పుండ్లు ఎక్కువగా మానాయి. గట్టును అలాగే వదిలేసి పైన ఎంత ఖరీదైన మందు పూసినా ఫలితం అంతంతమాత్రమే.

రెండో అడ్డంకి మన బరువే. షుగర్ వల్ల మొద్దుబారిన పాదానికి నొప్పి తెలియదు కాబట్టి రోగి మామూలుగా నడిచేస్తాడు. రాత్రంతా కాస్త పాకిన కణాలు పొద్దున్నే నాలుగడుగులకు నలిగిపోతాయి. ఈ సంగతి మన పక్కనే, వెల్లూరులో, కుష్ఠు రోగుల పాదాల్లో గమనించినవాడు సర్జన్ పాల్ బ్రాండ్. స్పర్శ లేని కాలికి బరువు ఒకేచోట పడకుండా సిమెంటు కట్టు వేసే పద్ధతిని ఆయన తర్వాత అమెరికాలో షుగర్ రోగులకూ వాడారు. స్పర్శ పోయిన అరికాలి పుండుకు, రోగి తనంతట తాను విప్పలేని, మోకాలి దాకా ఉండే అలాంటి సాధనాన్నే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇప్పటికీ ముందు వాడమంటాయి. మన దగ్గర మాత్రం యాంటీబయాటిక్, రోజూ డ్రెస్సింగ్, "ఎక్కువ నడవకండి" అన్న మాట. కూలికి వెళ్లేవాడు నడవకుండా ఎలా?

2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. వీళ్లలో ఎంతోమంది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరుగుతారు. దీక్షను తప్పుపట్టడం లేదు. మాల వేసుకునే ముందు ఒక్కసారి పాదం చూపించుకోమంటున్నాను. స్పర్శ ఉందో లేదో చెప్పడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే చిన్న నైలాన్ తీగ, రెండు నిమిషాల సమయం చాలు. కానీ దానికి ముందు డాక్టరు మేజోళ్లు విప్పమని అడగాలి.