అప్పగింతల్లో బటర్‌స్కాచ్

కిందటి ఆదివారం విజయవాడలో మా ఆఫీసు అమ్మాయి పెళ్ళి. ఆ అమ్మాయితో నాకున్న బంధుత్వమల్లా లిఫ్టులో పలకరింపు. కవరులో ఐదువందల పదహార్లు పెట్టుకుని మే నెల ఎండలో మా ఆవిడతో వెళ్ళాను. తాళి, తలంబ్రాలు, భోజనం జరిగే ఉంటాయి. నాకు గుర్తున్నది ఐస్‌క్రీమే.

"ఇదే లాస్టు సార్" అంటూ స్టాలు కుర్రాడు డబ్బా అడుగు గీకి రెండు ముద్దలు వేశాడు. రాయి. అంతలో మా ఆవిడ "అప్పగింతలు మొదలయ్యాయి, రండి" అని పిలిచింది. కప్పు పారేద్దామంటే, లక్షలు పోసి అలంకరించిన హాల్లో ఒక్క చెత్తబుట్ట లేదు! గతిలేక రెండు ముద్దలూ ఒకేసారి నోట్లోకి తోసేశాను.

రెండు కనుబొమల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టారు. కళ్ళు మూతపడ్డాయి, బొటబొటా నీళ్ళు. పక్కనున్న స్తంభాన్ని కౌగిలించుకున్నాను.

ఇక్కడ వీడియో అతని గురించి చెప్పాలి. పొద్దుట్నుంచీ క్రేను కెమెరాతో మా నెత్తుల మీద గద్దలా తిరుగుతున్నాడు. అప్పగింతలంటే అతనికి ఏడుపు కావాలి. పెళ్ళికూతురేమో మేకప్ చెదురుతుందని నవ్వుతూ నిలబడింది, వాళ్ళ నాన్న కేటరింగ్ వాళ్ళతో ప్లేట్ల లెక్క తేలుస్తున్నాడు. ఏడుపుకి అంత కరువొచ్చిన వేళ నేను దొరికాను. తలెత్తి చూస్తే ఎల్‌ఈడీ తెర నిండా నేనే. ఒక్కో కన్నీటి చుక్కా కొబ్బరికాయంత. మీసానికి వేలాడుతున్న బటర్‌స్కాచ్ పలుకు బెల్లం అచ్చంత. నాలుక అంగిటికి ఆనిస్తే తగ్గుతుందని ఎక్కడో విన్నది గుర్తొచ్చి ఆనించాను. తెర మీద మూతి ఇంకో రెండడుగులు వంకరపోయింది. సన్నాయి వాళ్ళు కూడా నన్ను చూసే శ్రుతి తగ్గించారని నా అనుమానం. ఇదంతా అర నిమిషమే. ఒక పెద్దావిడ వచ్చి "ఊరుకో నాయనా, ఆడపిల్లని పంపక తప్పుతుందా" అని వీపు నిమిరింది. పెళ్ళికొడుకు నావంక అదోలా చూశాడు. మా ఆవిడ ఇంకోలా చూసింది.

కారులో ఆవిడ అడిగింది ఒక్కటే: "ఎవరా అమ్మాయి మీకు?"

మా ఆవిడ తమ్ముడు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాడు. ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. పాపం, నిజమే చెప్పాడు. ముఖానికి స్పర్శ తెలిపే త్రిధార నాడికి మూడు పాయలు. నుదురు ఒక పాయది, అంగిలి ఇంకో పాయది. అంగిటికి చలి కొడితే మెదడు దాన్ని నుదుటి ఖాతాలో రాసేస్తుంది, మా కరెంటు బిల్లు అబ్బాయి పక్కింటి రీడింగ్ నాకు కొట్టినట్టు. మెదడుకి సొంతంగా నొప్పి తెలీదట. దాని పై పొరలకీ, అక్కడి రక్తనాళాలకీ తెలుస్తుందట. ఆ నాళాలను అల్లుకున్నవీ త్రిధార తీగలే. కబురు మొయ్యడమే వాటి ఉద్యోగం అనుకుంటాం గానీ, రెచ్చిపోతే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అక్కడికక్కడే వదిలి నాళాలను వెడల్పు చేస్తాయి. ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్ట్‌మ్యాన్ పెరట్లోకెళ్ళి కుళాయి తిప్పినట్టు! మైగ్రేన్‌లో ఈ తతంగాన్ని తేల్చినందుకే 2021లో నలుగురికి, మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారట. ఇక ముక్కు వెనక స్ఫీనోపాలటైన్ అని ఒక నరాల ముడి. త్రిధార గోలపెడితే ఆ ముడి నుంచి వెళ్ళే నరాలు మెదడు నాళాలనూ వెడల్పు చేస్తాయి, కన్నీటి గ్రంథులనూ పిండుతాయి.

"అంటే, అక్కా, బావ ఏడవలేదు. ఆయనకొచ్చింది స్ఫీనోపాలటైన్ గాంగ్లియోన్యూరాల్జియా."

మా ఆవిడ ఫోన్ కట్ చేసి, "ఇంత పెద్ద పేరు వాడికి ఎప్పుడు నేర్పారు?" అంది.

సాక్ష్యం ఒక్కటే మిగిలింది, మీసం మీది బటర్‌స్కాచ్ పలుకు. వీడియోలో అది చూపిస్తే చాలు. నిన్న ప్రోమో వచ్చింది. నేను స్లో మోషన్‌లో, బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్నాను. మీసం శుభ్రంగా ఉంది. వీడియో అతనికి ఫోన్ చేశాను.

"మూతికేదో అంటుకుంటే తీసేశాం సార్" అన్నాడు. "దానికి ఎక్స్‌ట్రా ఏం తీసుకోలేదు."