ఇంజన్ కట్టెయ్యండి బాబూ!

సుందర్‌బన్ మడ అడవుల్లో డాల్ఫిన్ వీపు కనబడిందంటే చాలు, బోటు దాని వెంట పడాల్సిందేనా? గంగా డాల్ఫిన్‌కి చూపు దాదాపు ఉండదండీ. తనే శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టే చేపని పట్టుకుంటుంది. ఆ డీజిల్ మోతలో దానికేం వినబడుతుంది?

రెండు పాయలు కలిసే చోట సుడుల్లో చేపలు చేరతాయి, అదీ అక్కడే తిరుగుతుంది. పోటో పాటో చూసుకుని, కాస్త ఎగువనే ఇంజన్ ఆపి బోటుని నీటివాలుకి వదిలేస్తే సరి. పొడుగు ముక్కు పైకొచ్చి, క్షణంలో మాయం. ఫోన్ తీసేలోపే అయిపోతుంది. గుండ్రటి తలైతే అది వేరే జాతి, ఇరావతి డాల్ఫిన్.

బంగ్లాదేశ్ వైపు చాంద్‌పాయ్, ఢాంగ్‌మారి, దూధ్‌ముఖిల్ని 2012లో డాల్ఫిన్ అభయారణ్యాలుగా ప్రకటించారు. అయినా బోటు మీద స్పీకర్లు, పాటలు! పైగా అందరూ ఒకే పక్కకి ఎగబడతారు, బోటు ఒరుగుతుందన్న భయమైనా లేకుండా.