కునుకు తీసే గ్యాసు కాటా గారికి

ఏసీలో ఎక్కించే గ్యాసును తూచే మహారాజశ్రీ గ్యాసు కాటా గారి దివ్యసముఖమునకు, మల్కాజిగిరిలో ఒక మూడంతస్తుల మేడ మీద నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా మీ కొలువులో ఎండిపోయిన ఏసీ మెకానిక్కు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. నేనిక్కడ క్షేమం. మీరు కూడా మీ నీలం ప్లాస్టిక్ పెట్టెలో, విరిగిన గొళ్ళేనికి బదులు నేను చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క కింద, క్షేమంగానే ఉన్నారనీ, నిద్రకు ఏ లోటూ లేదనీ తలుస్తాను.

నిన్న జరిగినది మీకు తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే జరిగిన సమయానికి మీరు కునుకులో ఉన్నారు. కనుక మొదటి నుంచీ మనవి చేసుకుంటాను.

అది ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, లోపల చల్లదనమిచ్చే ఆర్-32 గ్యాసు. ఇండోర్ దగ్గర పైపును బిగించే ఫ్లేర్ నట్టు నుంచి గ్యాసంతా కారిపోయింది. పైపు మూతిని గరాటులా విప్పే ఫ్లేరు కొత్తగా కొట్టి, నైట్రోజన్‌తో ప్రెషరు పట్టి చూసి, లోపలి గాలినంతా తోడేసి ముప్పావుగంట వ్యాక్యూమ్ లాగి, గేజి ముల్లు కదలకుండా నిలిచిందని నమ్మకం కుదిరాకే మిమ్మల్ని పెట్టెలోంచి బయటికి తీసి, గ్యాసు సిలిండరును మీ మీద పెట్టి, గొట్టంతో ఏసీకి కలిపాను. సిలిండరు బరువు ఎంత తగ్గితే అంత గ్యాసు లోపలికి పోయినట్టు లెక్క. ఔట్‌డోర్ పక్కన అంటించిన రేకు మీద 720 గ్రాములని ఉంది. అది 5 మీటర్ల పైపుకు చెప్పిన లెక్క. ఆ ఇంట్లో పైపు 9 మీటర్లు. ఆ మెషినుతో వచ్చిన పుస్తకంలో ఆ పైన ప్రతి మీటరుకు 20 గ్రాములు అదనంగా ఎక్కించమని రాసి ఉంది కాబట్టి 80 కలిపితే 800. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆ కూడిక ఆయనే చేసి, సరిగ్గా వచ్చినందుకు సంతోషించి, గొడుగు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు.

ఆ గొడుగు ఆయన కోసం కాదు, మీ కోసం. ఎండ తగిలితే మీ తెర మీద అంకె కనపడదు. ఏసీ పని ఎండాకాలంలో, మేడ మీద, మిట్టమధ్యాహ్నం జరుగుతుందన్న సంగతి మిమ్మల్ని తయారుచేసిన మహానుభావులకు ఎవరూ చెప్పినట్టు లేరు. కాలే గచ్చు మీద పెడితే మీ అంకెలు జారతాయని కింద చెక్క వేశాను. గొట్టం బరువు సిలిండరును లాగితే మీరు దాన్ని కూడా గ్యాసు ఖాతాలోనే వేస్తారని, గొట్టాన్ని గోడ మేకుకు తాడుతో కట్టాను. గాలికి అది ఊగితే మీరు పది, ఇరవై గ్రాములు అటూ ఇటూ తూలుతారని మా కుర్రాడిని గాలికి అడ్డంగా కూర్చోబెట్టాను. పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు జరగవు.

వాల్వు తెరవగానే, లోపల వ్యాక్యూమ్ ఉంది కనుక, గ్యాసు గబగబా దిగింది. మైనస్ గుర్తు పక్కన మీ అంకె నూరు, రెండు నూర్లు, నాలుగు నూర్లు దాటుతుంటే మాస్టారు పైకే చదివారు. ఒత్తిడి సమానమై ప్రవాహం ఆగాక మెషిను ఆన్ చేసి, మిగతాది కొంచెం కొంచెంగా వదలాలి. ద్రవం ఒక్కసారిగా పోతే కంప్రెసరు మింగలేదు, పగులుతుంది. అందుకే ఒక గుక్క ఇచ్చి, వాల్వు మూసి, కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో ఆంపియర్లు నిలకడకు వచ్చేదాకా ఆగి, మళ్ళీ ఒక గుక్క ఇస్తాం. చంటిపిల్లకు ఉగ్గు పట్టినట్టు ఓపికగా జరగవలసిన పని అది. సరిగ్గా ఆ ఓపిక దగ్గరే మీకు విసుగు పుట్టింది. రెండు నిమిషాలు అంకె కదలకపోయేసరికి, ఇక్కడ పని ఏమీ జరగడం లేదని మీ అంతట మీరు నిర్ణయించుకుని, బ్యాటరీ ఆదా చేసే సదుద్దేశంతో, తెర ఆర్పుకుని పడుకున్నారు.

మీట నొక్కి లేపితే, మీరు ఒళ్ళు విరుచుకుని, మీ మీద ఉన్న సిలిండరును చూసి, దాని బరువునే సున్నాగా స్వీకరించి, 0.000 అని చూపించారు. అప్పటిదాకా లోపలికి పోయిన గ్యాసుతో మీకు పరిచయమే లేదన్నట్టు.

ఆఖరుసారి చూసినప్పుడు 540 అని మా కుర్రాడు, కాదు 580 అని మాస్టారు. నేను క్లాంప్ మీటరు చూస్తున్నాను. ముగ్గురు మనుషులు, ఒక యంత్రం ఉన్న చోట సాక్ష్యం చెప్పగలవాడు ఒక్కడూ లేడు. "ఏం నాయనా, ఇందాక అంకె చూసే డబ్బులివ్వమన్నావు కదా, ఏ అంకె చూడమంటావు?" అని మాస్టారు ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఎగతాళి చేసినా బాగుండేది.

ఇక మిమ్మల్ని మీరు అని పిలిచే ఓపిక నాకు లేదు. నీకు అప్పజెప్పిన పని ఏమిటి? మొయ్యడం కాదు, దించడం కాదు, ఒక అంకెను పావుగంట గుర్తుపెట్టుకోవడం. రైతుబజారులో వంకాయలు తూచే కాటాకు ఏటేటా తూనికలు కొలతల శాఖ వారి ముద్ర పడాలి. నీకు ముద్ర లేదు, మొహమాటం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. నీ పొట్టలో ఉన్నది ఒక అల్యూమినియం దిమ్మ. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది, దానికి అతికించిన సన్నటి తీగల నిరోధం ఆ వంపుకు తగ్గట్టు మారుతుంది, ఆ మార్పే అంకెగా మారుతుంది. అంత సున్నితమైన ఏర్పాటు చేసిన బుర్రే, "పని మధ్యలో ఆరిపోతే తూకం ఏమవుతుంది" అన్న ఒక్క ప్రశ్న వేసుకోలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నువ్వు ఆరిపోవడం తప్పని కూడా నేననను. ఆరిపోయే ముందు ఉన్న అంకెను మింగెయ్యడం ఉందే, దాన్ని మాత్రం క్షమించను.

నిన్ను కొన్న రోజు గుర్తొస్తే ఇంకా మండుతుంది. రాణీగంజ్‌లో కొట్టతను "నూరు కిలోలు మోస్తుంది, అయిదు గ్రాములు పట్టేస్తుంది" అన్నాడు. నూరు కిలోల సిలిండరును మూడంతస్తులు ఎవడు మోస్తాడని నేను అడగలేదు. అయిదు గ్రాములన్నది తెర మీద అంకె ఎంతెంత చొప్పున మారుతుందో చెప్పే మాటే తప్ప, ఆ అంకె ఎంత నిజమో చెప్పే మాట కాదని కూడా అప్పుడు తట్టలేదు. ఆ రెండోది అట్ట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: చూపిన బరువులో 0.05 శాతం దాకా తేడా రావచ్చు. 12 కిలోల సిలిండరు పెడితే ఆరు గ్రాములు. 800 గ్రాముల ఏసీకి అది లెక్కలోది కాదు. అదే ఆర్-600ఎ గ్యాసుతో నడిచే ఇంటి ఫ్రిజ్‌కు మొత్తం పట్టేదే నలభై, యాభై గ్రాములు. అక్కడ నిన్ను నమ్మడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే. ఫ్రిజ్ పనికి ఒక్కో గ్రాము చూపించే చిన్న కాటా వేరే కొనుక్కున్నాను. దాని ఖరీదు నీలో నాలుగో వంతు. అది నిద్రపోదు. నీ ఫోను యాప్ గురించి మాత్రం అడక్కు. గ్యాసు తూచడానికి నేను ఏ వీధిలో ఉన్నానో దానికెందుకో ఇప్పటికీ తెలియదు.

నువ్వు లేకపోతే బతకలేమా అంటే, బతికాం. పాత ఆర్-22 గ్యాసు రోజుల్లో గేజిలో 65 పౌండ్ల ఒత్తిడి చూసి, లావుపాటి పైపు చెమట పట్టిందో లేదో తడిమి, ఆంపియర్లు చూసి, "అయిపోయిందండీ" అని దిగిపోయేవాళ్ళం. ఎండ ముదిరితే ఆ 65 తప్పుతుందని తెలిసినా చేతి అలవాటు మీద నడిపించాం. ఇన్వర్టర్లు వచ్చాక ఆ విద్య అటకెక్కింది. కంప్రెసరు తన వేగాన్ని తానే పెంచుకుని తగ్గించుకుంటుంటే గేజి ముల్లు ఏ నిమిషానికి ఆ నిమిషం కొత్త కథ చెబుతుంది. గ్యాసు నూరు గ్రాములు తక్కువైనా మెషిను కష్టపడి కప్పిపుచ్చుతుంది, ఆ ఇంటివాళ్ళకు అది తెలిసేది కరెంటు బిల్లులో. ఎక్కువైతే మే నెలలో ట్రిప్పయి నాకు ఫోను వస్తుంది. రేకు మీద రాసిన బరువును తూచి ఎక్కించడం తప్ప వేరే దారి లేదని మా వాళ్ళందరికీ ఊదరగొట్టిన మొనగాణ్ణి నేను. గేజి చూసి గ్యాసు పట్టేవాళ్ళను చూసి నవ్వాను కూడా. నిన్న ఆ మేడ మీద ఉన్నట్టయితే వాళ్ళూ నవ్వేవారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

"వదిలేసి మళ్ళీ నింపేద్దాం అన్నా, ఎవరు చూస్తారు" అన్నాడు కుర్రాడు. ఆర్-32 ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ళ లెక్కన, కనీసం 675 కిలోల బొగ్గుపులుసు గ్యాసు వదిలినంతగా భూమి వేడెక్కుతుంది. పైగా మంట అంటుకునే గుణమున్న గ్యాసు, పక్క వాటాలో వంట జరుగుతోంది. వద్దన్నాను. ఆర్-32కు పనికొచ్చే రికవరీ మెషిను ఉప్పల్‌లో ఒక మిత్రుడి దగ్గర ఉంది. నలభై రెండు డిగ్రీల ఎండలో బండి మీద వెళ్ళి, బతిమాలి, తెచ్చాను.

తెచ్చి, లోపలున్న గ్యాసును ఖాళీ సిలిండరులోకి వెనక్కి లాగాలి. ఆ సిలిండరును ఎనభై శాతానికి మించి నింపకూడదు. నింపితే ఎండకు ద్రవం వ్యాకోచించడానికి చోటు ఉండదు. ఎంత నిండిందో తెలియాలంటే దాన్ని తూచాలి. దేని మీద తూచాలి? నీ మీదే. నీ మీద నమ్మకం పోయి వెనక్కి లాగుతున్న గ్యాసును కొలవడానికి కూడా నీ కాళ్ళే పట్టుకోవలసి వచ్చింది. అప్పుడు మాత్రం నువ్వు పతివ్రతలా మేలుకుని ఉన్నావు. 560 చూపించావు. 540 కాదు, 580 కాదు. గొట్టాల్లో కొంత, మెషినులో కొంత చిక్కి ఉంటుంది కాబట్టి మాస్టారూ ఓడలేదు, కుర్రాడూ గెలవలేదు. అయినా ఇద్దరూ నావైపు విజేతల్లాగే చూశారు.

మళ్ళీ వ్యాక్యూమ్ పెట్టి కూర్చున్నప్పుడు నీ పెట్టె అడుగున ఉన్న పుస్తకం తెరిచాను. రెండో పేజీలో ఉంది: ఆన్ అయ్యాక ఆ ఆన్ మీటనే అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటే నిద్ర గుణం పోతుంది. ఏడాదిన్నరగా నా దగ్గరున్న పుస్తకం, మడత కూడా పోలేదు. మాస్టారికి కనపడకుండా మూసేశాను. ఆ కింది వాక్యం చదివాక మాత్రం సిగ్గు కాస్త తగ్గింది: ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే ఆ గుణం తిరిగి వస్తుందట, ప్రతిసారీ కొత్తగా నొక్కాలట. నేను అయిదు సెకన్లు నొక్కాను. ఆపైన నమ్మకం చాలక, నిమిషానికి ఒకసారి నీ పళ్ళెం అంచును చిటికెనవేలితో తట్టి మేలుకొలుపమని కుర్రాడిని కూడా పెట్టాను. వాడు నలభై నిమిషాలు శ్రద్ధగా తట్టాడు, ఒకటి రెండుసార్లు నీ బదులు వాడే తూలాడు.

ఈసారి ముందుగా నిన్ను ఖాళీగా ఆన్ చేసి, సున్నా చూసి, ఆ తర్వాతే సిలిండరు పెట్టి, మొత్తం బరువును సిలిండరు మీదే మార్కరుతో రాశాను. సగం వాడిన సిలిండరుకు ఆ పని పొద్దునే చేసి ఉంటే, నువ్వు వెయ్యిసార్లు నిద్రపోయినా నాకు పోయేదేమీ లేదు. ఆ మాట ఈ ఉత్తరంలో తప్ప ఎక్కడా ఒప్పుకోను. చివర్లో సిలిండరు వాల్వు బిగించి, గొట్టంలో మిగిలిన ముప్ఫై గ్రాముల దాకా ఉండే ద్రవాన్ని కూడా కంప్రెసరు చేత తాగించి, ఆపాను. చీకటి పడింది. నీ తెర వెనక నీలం దీపం వెలిగింది. పగలు పనికిరాని ఆ తెర రాత్రి ఎంత ముచ్చటగా ఉందో, అబద్ధమెందుకు చెప్పాలి, చాలా ముచ్చటగా ఉంది. లోపల గదిలో చల్లగాలి పదమూడు డిగ్రీలతో వస్తోందని మాస్టారు కిందనుంచి కేకేశారు.

కాటా గారూ, మళ్ళీ మీరు అనే అంటున్నాను, ఎందుకంటే రేపు ఉదయం నాచారంలో మరో స్ప్లిట్ ఉంది, వేరే కాటా నా దగ్గర లేదు. మీకు కొత్త తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెచ్చాను, గొళ్ళేనికి తీగ కూడా చుట్టాను. సిలిండరు మీద మార్కరుతో "12.460, 11.660" అని రెండు అంకెలు ఉన్నాయి. తీసివేత మాస్టారు చేశారు. మీరు పడుకోవచ్చు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏసీ మెకానిక్కు