యుద్ధానికి రానన్న సైనికుడికి చట్టంలో దారి ఉండాలి

ఉద్యోగమని నమ్మి ఏజెంట్ల ద్వారా రష్యా వెళ్లి, చివరికి ఉక్రెయిన్ యుద్ధరంగంలో చిక్కుకున్న నారాయణపేట జిల్లా యువకుడొకరు 2024 సెప్టెంబరులో ప్రాణాలతో స్వదేశం చేరాడు. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు ఆ యుద్ధంలోనే చనిపోయిన సంగతి బయటపడింది. ఇలా మనవాళ్లను తరలించిన ముఠాలపై సీబీఐ కేసు పెట్టింది. జులైలో మాస్కో వెళ్లిన ప్రధానమంత్రి వారిని విడిచిపెట్టాలని రష్యాను కోరారు. తనది కాని యుద్ధంలో తుపాకీ పట్టడం ఇష్టం లేని ఆ నారాయణపేట యువకుణ్ణి పిరికివాడని పాలమూరులో ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ అదే మాట యూనిఫాం వేసుకున్న సైనికుడి నోట వస్తే మన తీర్పు మారిపోతుంది. సంతకం పెట్టి చేరావు, జీతం తీసుకున్నావు, పొమ్మన్న చోటికి పోవాల్సిందే అంటాం. ఆ సంతకం మనిషిని ఎంతవరకు కట్టిపడేయగలదో నిదానంగా ఆలోచించాల్సిన అవసరం ఉంది.

మన సైన్యంలో చేరే ప్రతి ఒక్కరూ భూమి మీదైనా, సముద్రం మీదైనా, ఆకాశంలోనైనా పంపిన చోటికల్లా వెళ్తామని, రాష్ట్రపతి ఆజ్ఞలనూ పై అధికారుల ఆజ్ఞలనూ ప్రాణాపాయం ఉన్నా పాటిస్తామని ప్రమాణం చేస్తారు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ తెల్లవారకముందే మైదానంలో దిగి 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లకు టైమింగ్ ఎంత ఉండాలో, ఛాతీ ఎంత విప్పారాలో, మెడికల్‌లో దేనికి తిప్పి పంపుతారో కంఠతా వచ్చి ఉంటుంది. ఈ ప్రమాణం గురించి మాత్రం వారికి ముందుగా కూర్చోబెట్టి చెప్పేవారు అరుదు. చాలామంది దాన్ని తీరా కసమ్ పరేడ్‌లో, అంటే ప్రమాణ స్వీకార కవాతులో, నిలబడ్డాకే మనసు పెట్టి వింటారు. అగ్నిపథ్ పథకం కింద పదిహేడున్నర ఏళ్లకే చేరవచ్చు. నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందిని మించి కొనసాగించరు. అంత చిన్న వయసులో, అంత కొద్దికాలపు కొలువు కోసం చేసిన ప్రమాణం, ఎప్పుడో ఎక్కడో రాబోయే యుద్ధాలన్నిటికీ ముందస్తు సమ్మతి అవుతుందా?

ఆ ప్రమాణంలో సముద్రం ప్రస్తావన వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1824లో మొదటి బర్మా యుద్ధానికి కదలమన్నప్పుడు కలకత్తా దగ్గరి బారక్‌పూర్‌లో ఉన్న ఈస్టిండియా కంపెనీ 47వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు కదలలేదు. సామాన్లు మోసే ఎడ్లు దొరకడం లేదని, దొరికినా ఆ ఖర్చు తాము భరించలేమని మొరపెట్టుకున్నారు. సముద్రం దాటిస్తారేమో, కులం చెడుతుందేమో అన్న భయం కూడా వారిలో ఉంది. నవంబరు 2న కంపెనీ అధికారులు వారిపై ఫిరంగులు పేల్చారు. పారిపోతున్నవారిని వెంటాడి చంపారు, పట్టుబడినవారిలో కొందరిని ఉరితీశారు, ఆ రెజిమెంటు పేరునే సైనిక జాబితా నుంచి కొట్టేశారు. సిపాయిల తుపాకుల్లో చాలావాటిలో తూటాలే లేవని తర్వాత తేలింది. 1852లో రెండో బర్మా యుద్ధానికి 38వ రెజిమెంటు సముద్రమార్గాన వెళ్లబోమన్నప్పుడు గవర్నర్ జనరల్ డల్హౌసీ పట్టుబట్టలేదు. అయితే 1856లో ఆయన తర్వాత వచ్చిన గవర్నర్ జనరల్ కానింగ్ తెచ్చిన చట్టం కొత్తగా చేరేవారెవరైనా సముద్రం దాటి ఎక్కడికైనా వెళ్లాల్సిందేనని నిబంధన పెట్టి, ఆ వెసులుబాటును మూసేసింది. మరుసటి ఏడాది ఏం జరిగిందో అందరికీ తెలిసిందే.

మన హైదరాబాద్ రాజ్యంలోనూ 1857 కథ ఒక నిరాకరణతోనే మొదలైంది. ఢిల్లీ తిరుగుబాటును అణచడానికి వెళ్లబోనని జమేదార్ చీదా ఖాన్ తన మనుషులతో హైదరాబాద్ వస్తే, నిజాం దివాన్ సాలార్‌జంగ్ ఆయనను పట్టించి బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయమైన రెసిడెన్సీకి అప్పగించాడు. ఆయనను విడిపించాలనే తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఆ జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆనాటి ప్రభుత్వ లెక్కలో చీదా ఖాన్ విద్రోహి. ఈనాడు ఆయనను అలా పిలిచేవారు లేరు. 1930లో పెషావర్‌లో నిరాయుధులపై కాల్పులకు ఒప్పుకోని బ్రిటిష్ ఇండియా సైనికుడు చంద్రసింగ్ గఢ్వాలీని కూడా కోర్ట్ మార్షల్ చేసి యావజ్జీవ శిక్ష వేశారు. స్వతంత్ర భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది. గెలిచిన కాలం ఇచ్చే గౌరవం శిక్ష అనుభవించే రోజున ఆ మనిషికి అక్కరకు రాదు. అందుకే ఆ రోజున చట్టం ఏం చేస్తుందన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇరాక్ యుద్ధం మన తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిందని చాలామంది మరిచిపోయారు. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఇరాక్‌పై అమెరికా కూటమి దాడిని తప్పుపడుతూ తీర్మానం చేసింది. అయినా సైన్యాన్ని పంపాలని అమెరికా గట్టిగా అడిగింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి లేదన్న కారణంతో జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కాదని చెప్పింది. ఆ రోజు ఔనని ఉంటే మన జిల్లాల పిల్లలు కూడా బస్రాకో మోసుల్‌కో వెళ్లి ఉండేవారు. యుద్ధానికి ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోవాలని మన రాజ్యాంగం ఎక్కడా నిర్బంధించదు కాబట్టి వారి తరఫున అడ్డుపడే మరో వ్యవస్థ ఉండేది కాదు. మన ప్రభుత్వం లేవనెత్తిన అభ్యంతరాన్ని పోలిన కారణంతోనే, అంటే ఆ యుద్ధం చట్టవిరుద్ధమంటూ, అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్ ఎరెన్ వటాడా 2006 జూన్‌లో తన దళంతో ఇరాక్ వెళ్లడానికి నిరాకరించారు. అఫ్గానిస్థాన్ పంపితే వెళ్తానన్నారు, అధికారులు ఒప్పుకోలేదు. యుద్ధం చట్టబద్ధమా కాదా అన్న వాదననే సైనిక న్యాయస్థానం వినడానికి ఇష్టపడలేదు. 2007లో ఆ విచారణ మధ్యలోనే రద్దయింది, 2009లో ఆయనను సైన్యం నుంచి పంపించివేశారు. ఒక ప్రభుత్వం చెబితే విదేశాంగ విధానంగా గౌరవం పొందే మాట, ఒక సైనికుడు చెబితే నేరమవుతున్నదని ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

దీనికి ఎదురుగా నిలిచే వాదన తేలికైనది కాదు. ఏ యుద్ధానికి వెళ్లాలో ప్రతి సైనికుడూ తానే ఎంచుకుంటే సైన్యం ఎన్నికైన ప్రభుత్వం మాట వినడం మానేస్తుంది. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంపై సైనిక చర్య తర్వాత కొన్ని యూనిట్ల సిక్కు జవాన్లు తిరగబడి ఆయుధాలతో బయటికి వచ్చినప్పుడు రామ్‌గఢ్‌లో కమాండెంట్ ప్రాణం పోయింది. వారి బాధ ఎంత నిజమైనదైనా ఆ మార్గాన్ని సమర్థించలేం. వెళ్లనన్నవాడి స్థానంలో ఇంకో తల్లి కొడుకు వెళ్లాలన్నది ఇంకా బరువైన మాట. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది నేలకొరిగారు. పక్కవాడు నిలబడతాడన్న నమ్మకం మీదే అలాంటి చోట మనిషి నిలబడగలడు. కాబట్టి శత్రువు ఎదుట ఉండగా వెనుదిరగడాన్ని, దళం కదలకముందే తన పేరు చెప్పి, కారణం చెప్పి, పర్యవసానానికి సిద్ధపడి వెళ్లనని చెప్పడాన్ని చట్టం వేర్వేరుగా చూడాలని నా అభిప్రాయం.

ఇప్పటి చట్టంలో ఆ వివేచన సరిగా లేదు. 1950 సైనిక చట్టం 41వ సెక్షన్ చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరిస్తే యుద్ధ విధుల్లో ఉన్నవారికి 14 ఏళ్ల దాకా శిక్ష వేయవచ్చంటుంది. 38వ సెక్షన్ ప్రకారం యుద్ధ విధులకు ఆదేశాలు అందాక పారిపోతే మరణశిక్షకూ అవకాశం ఉంది. ఖైదీని కాల్చమన్న ఆజ్ఞ చట్టబద్ధం కాదని వాదించవచ్చు గానీ, మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని ముందే దరఖాస్తు పెట్టుకునే మార్గం ఈ చట్టంలో కనిపించదు. అమెరికా సైన్యంలో అలాంటి దరఖాస్తు ఉంది, కాకపోతే అన్ని యుద్ధాలనూ వ్యతిరేకించేవారికే అది వర్తిస్తుంది. జర్మనీ మరో అడుగు వేసింది: ఇరాక్ యుద్ధానికి తోడ్పడుతుందేమోనన్న అనుమానంతో ఒక సాఫ్ట్‌వేర్ పనిని నిరాకరించిన మేజర్ ఫ్లోరియన్ ఫాఫ్ పక్షాన 2005లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిలిచింది. దారి లేనిచోట నిరాకరించగలిగేది వకీలును పెట్టుకోగలిగినవాడే. బోరు ఎండిన మూడెకరాలు, అక్క పెళ్లి అప్పు వెనక ఉన్న పాలమూరు జవానుకు ఆ స్తోమత ఎక్కడిది?

సైనికుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించాలో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణ పార్లమెంటుకే ఇచ్చింది గనుక, అలాంటి దరఖాస్తుకు దారి కల్పించే సవరణ చేయాల్సింది కూడా పార్లమెంటే. రిటైర్డ్ న్యాయమూర్తి నేతృత్వంలో ఒక మండలిని ఏర్పరచి, దళానికి కదలిక ఆదేశాలు వచ్చిన తర్వాత కూడా కొద్దిరోజుల గడువులో దరఖాస్తు చేసుకునే వీలు కల్పించాలి. దరఖాస్తు తన మాతృభాషలోనే రాసుకోనివ్వాలి. అది తేలేదాకా ఆ జవానుకు ఆస్పత్రిలోనో స్టోర్స్‌లోనో ఆయుధం అవసరం లేని పని ఇవ్వాలి. చెప్పిన కారణం నిజమైతే చెడ్డపేరు అంటగట్టకుండా విధుల నుంచి పంపాలి, అబద్ధమైతే ఇప్పుడున్న శిక్షే వేయాలి.