పాము, సంకెళ్లు, రిసెప్షన్

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆగస్టులో ఫోను చేసి, ‘మామయ్యా, మా ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగుకు ఒక మనిషి తక్కువయ్యాడు, మీరు చేరండి’ అన్నాడు. తిరుపతిలో ఉన్న పాపానికి, కొండకు వచ్చే చుట్టాలందరి కోసం నలభై ఏళ్లుగా వరుసల్లో నిలబడుతున్నవాడిని. ఒక లీగు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. మిగతా ఆటంతా చేతుల మీదే. ఫ్యాంటసీలో మనకు ఆ శ్రమ కూడా లేదు. నిజం ఆటగాళ్లను కాగితం మీద మన జట్టుగా ఎంచుకుంటాం, మైదానంలో వాళ్లు పరుగెత్తుతారు, మనం పాయింట్ల లెక్క రాసుకుంటాం. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, న్యూయార్క్‌లోని ఒక హోటల్లో మరికొందరితో కూర్చుని ఈ లెక్క కనిపెట్టాడు. అదే మన పెద్దమనుషులైతే పేకముక్కలు తీసి ఊరుకునేవారు.

ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి పేరు స్నేక్ డ్రాఫ్ట్. పన్నెండు మందిలో మొదటి ఎంపిక నాదే అని సంబరపడ్డాను. పాము తోక దాకా పోయి వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి 24వ ఎంపిక అయింది. ఇది సర్పదోషమే. పక్కనే శ్రీకాళహస్తి ఉండగా రాహుకేతు పూజ చేయించకుండా డ్రాఫ్టులో కూర్చోవడం నా తప్పు.

స్లీపర్ అంటే రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు కాదు, ఎవరూ పట్టించుకోని ఆటగాడు ఉన్నట్టుండి రాణించడం. హ్యాండ్‌కఫ్ అంటే మన ఆటగాడికి బదులు దిగేవాడినీ ముందే తీసి ఉంచుకోవడం, పెళ్లికి వంటమాస్టరును మాట్లాడుకుంటూ అతని చేతికింద మనిషికీ అడ్వాన్సు ఇచ్చి ఉంచినట్టు. పెద్దాయన కాలు బెణికితే చిన్నవాడు గరిటె పట్టుకుంటాడు. పీపీఆర్ (పాయింట్ పర్ రిసెప్షన్) లీగులో ప్రతి రిసెప్షన్‌కూ ఒక పాయింటు. బంతిని అందుకుంటే చాలు, గజం ముందుకు కదలకపోయినా సరే. కవరు ఇవ్వకుండా భోంచేసి వెళ్లినవాడికీ మర్యాద దక్కుతుందన్నమాట.

‘మామయ్యా, మీ రన్నింగ్ బ్యాక్‌కు ఈ వారం బై’ అన్నాడు మేనల్లుడు ఒకరోజు, బంతి పట్టుకుని పరుగెత్తే మా ఆటగాడి గురించి. నేనూ బై చెప్పి ఫోను పెట్టేశాను. ఆ వారం ఆ జట్టుకు ఆటే లేదని సున్నా చూశాక తెలిసింది.

నన్ను కదిలించిన మాట మాత్రం వేవర్. ఎవరి జట్టులోనూ లేని ఆటగాడి కోసం అర్జీలు పెడతారు. మా లీగులో అట్టడుగున ఉన్నవాడి అర్జీని ముందు చూస్తారు. ఈ నిబంధనను మూడుసార్లు చదివాను. ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ అక్కర్లేదు, బ్రేక్ దర్శనం లేదు, వెనకవాడే ముందు! దర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసం దగ్గర తెల్లవారుజామున వరుసలో ఉన్నవాడికి ఈ మాట చెప్పి చూడండి. మిమ్మల్ని అనుమానంగా చూసి తన సంచి దగ్గరికి లాక్కుంటాడు.

నలభై ఏళ్ల తర్వాత ఒక వరుసలో నేను మొదటివాడినయ్యాను. ‘నాలుగు ఆటలు గెలిస్తే ఆ స్థానం పోతుంది మామయ్యా’ అని మేనల్లుడు హెచ్చరించాడు. అందుకే ఈ వారం బై ఉన్న ముగ్గురిని వెతికి మరీ జట్టులోకి దింపాను.