ఇష్టపడే వచ్చాడన్న మాటకు విలువెంత?

కన్వర్షన్ థెరపీని, అంటే స్వలింగ ఆకర్షణనో ట్రాన్స్‌జెండర్ గుర్తింపునో ‘మార్చేస్తాం’ అంటూ చేసే ప్రయత్నాలను, నిషేధించాలా అంటే చాలామంది తడుముకోకుండా అవుననే అంటారు. ‘మరి పెద్దవాళ్లు తమంతట తామే వెళితే?’ అని అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. నా పేచీ అంతా అక్కడే.

ప్రభుత్వాలూ అక్కడే తడబడ్డాయి. జర్మనీ 2020 చట్టం 18 ఏళ్లలోపు వారిని కాపాడింది. పెద్దల విషయంలో మాత్రం బలవంతమో మోసమో ఉంటేనే నేరమంది. నిషేధిస్తామని 2018లోనే మాటిచ్చిన బ్రిటన్, 2021 ప్రతిపాదనల్లో ‘అన్నీ తెలిసి ఒప్పుకున్న’ పెద్దలకు దారి వదిలింది. మరుసటి ఏడాది ట్రాన్స్ మనుషులను ఆ నిషేధపు రక్షణ నుంచి ఏకంగా పక్కన పెడతామంది. కెనడా తొలి బిల్లులోనూ ఈ కంత ఉంది. 2021 డిసెంబరులో పూడ్చారు. అంతకుముందు బిల్లును 60 మందికి పైగా ఎంపీలు వ్యతిరేకించిన సభలోనే, ఇంకా కఠినమైన ఈ బిల్లు ఏకగ్రీవంగా గట్టెక్కింది!

ప్రార్థన చేసినా, తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడినా జైలేనా అని కొందరి భయం. భయం నిజమే, కానీ దానికి జవాబూ ఉంది. ఎదుటివారిని మార్చే ఉద్దేశం లేకుండా తన విశ్వాసాన్ని చెప్పుకోవడం న్యూజిలాండ్ 2022 చట్టంలో నేరం కాదు.

ఇక ఇష్టం సంగతి. ఓ కుర్రాడు ఈ థెరపీకి వచ్చాడనుకోండి. ఫీజు కట్టేది నాన్న. గుమ్మం దగ్గర ఏడుస్తున్నది అమ్మ. మారకపోతే ఇంటికి రావద్దన్న మాట అప్పటికే పడింది. ఆ కుర్రాడు పెట్టిన సంతకాన్ని సమ్మతి అందామా? మనోవైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ 2003లో 200 మంది సొంత మాటల మీద ఆధారపడి, స్వలింగ ఆకర్షణ ఉన్నవారిలో కొందరు మారగలరని రాశారు. 2012లో క్షమాపణ చెప్పారు. మారామన్న వాళ్లు నిజం చెబుతున్నారో, తమను తామే మోసం చేసుకుంటున్నారో తేల్చే దారే లేదని ఒప్పుకున్నారు. అంత పేరున్న డాక్టరుకే అంతుపట్టని సమ్మతిని ఒక ఫారం పట్టుకుంటుందా?

అసలు ‘నీ మంచికే’ అన్న మాటకు చట్టాలు ఇంతగా ఎందుకు జంకుతాయో నాకు అర్థం కాదు. చదువు మాన్పించినా, పెళ్లికి ఒప్పించినా ఇదే మాట. పరాయివాడు చేస్తే వేధింపు, అయినవాళ్లు చేస్తే ప్రేమ. గాయం మాత్రం ఒకటే.

బ్రిటన్ చట్టం ఎప్పుడు చేసినా, శిక్ష ఎన్నేళ్లని నేను ముందు చూడను. ‘సమ్మతి’ అన్న మాటను ఏ క్లాజులో దాచారో వెతుకుతాను.